తొలి యుద్ధనౌక: మీనా సల్మాన్ రేవు నుంచి బల్లమీదికి

బహ్రెయిన్ రాజధాని మనామాలో జుఫైర్ వీధులు దాటి సముద్రం వైపు వెళ్ళేవారికి మీనా సల్మాన్ రేవు ఎదురవుతుంది. అరబ్బీ భాషలో ‘మీనా’ అంటే ఓడరేవు. మీనమంటే చేప అని నేర్చుకున్న తెలుగు పిల్లలకు ఈ పేరు మొదట వింతగా తోస్తుంది. ఆ వింత తీరకముందే వారి చూపు దూరాన బూడిదరంగులో నిలిచిన యుద్ధనౌకల మీద పడుతుంది. ‘అలాంటిది ఇంట్లో చేసుకోవచ్చా నాన్నా?’ అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

ఆ ప్రశ్నకు తండ్రి ఇచ్చే సమాధానం తరచుగా ఒకే విధంగా ఉంటుంది. వారాంతంలో దుకాణానికి వెళ్ళి, ఉన్న పెట్టెలన్నింటిలో పెద్దదానిని కొని తెస్తాడు. పెట్టె మూతపై అలలను చీల్చుకుంటూ వస్తున్న విమానవాహక నౌక బొమ్మ. లోపల వందలకొద్దీ ముక్కలు. మొదటి శుక్రవారం ఉత్సాహంగా గడుస్తుంది. రెండవ శుక్రవారం వేళ్ళకు జిగురు అంటుకుంటుంది. మూడవ వారానికి పెట్టె బీరువా పైకి చేరుతుంది. ఇందులో పోయినవి కొన్ని దినార్లు మాత్రమే కావు. ‘ఇది నా వల్ల కాదు’ అన్న అభిప్రాయం ఆ బాలుని మనసులో మిగిలిపోతుంది. నిజానికి తప్పు బాలునిది కాదు, ఎంపికది. తొలి నమూనాను ఎలా ఎన్నుకోవాలి, గల్ఫ్ వాతావరణంలో దానిని సురక్షితంగా ఎలా పూర్తి చేయాలి అన్న విషయాలను శాస్త్రదృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రేవులోని ప్లాస్టిక్ నౌకలు

జుఫైర్ తీరంలో బ్రిటిష్ నౌకాదళ స్థావరం 1935లో ఏర్పడింది. మీనా సల్మాన్ లోతునీటి రేవుగా 1962లో ప్రారంభమైంది. 1971లో బ్రిటిష్ వారు స్థావరాన్ని వదలి వెళ్ళగా, అందులో కొంత భాగాన్ని అమెరికా నౌకాదళం ఉపయోగించుకోసాగింది. 1995లో అమెరికా ఐదవ నౌకాదళం పునరుద్ధరణ పొంది ఇక్కడ కేంద్రాన్ని ఏర్పరచుకుంది. 2009లో వాణిజ్య సరుకు రవాణా హిద్ద్‌లోని ఖలీఫా బిన్ సల్మాన్ రేవుకు తరలింది. 2018లో బ్రిటిష్ నౌకాదళం మీనా సల్మాన్‌లో తిరిగి ఒక స్థావరాన్ని తెరిచింది.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. ప్లాస్టిక్ నౌక అనగానే అది ఆటవస్తువే అనుకుంటాం. కానీ ఈ రేవు నుంచి ఏళ్ళ తరబడి పనిచేసిన బ్రిటిష్ హంట్ తరగతి, శాండౌన్ తరగతి నౌకల దేహం నిజంగానే ప్లాస్టిక్. అవి సముద్రంలోని మందుపాతరలను వెదికే నౌకలు. ఉక్కు దేహం చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రానికి కొన్ని రకాల మందుపాతరలు స్పందించి పేలుతాయి. ఆ ప్రమాదాన్ని తగ్గించడానికి ఈ నౌకలను గాజుపీచుతో బలపరచిన పాలియెస్టర్ రెజిన్‌తో నిర్మించారు. ఈ పద్ధతిలో తయారైన తొలి యుద్ధనౌక 1973లో బ్రిటిష్ నౌకాదళంలో చేరిన విల్టన్. 2024 జనవరిలో బహ్రెయిన్ రేవులో చిడ్డింగ్‌ఫోల్డ్ అనే నౌక వెనుకకు నడుస్తూ బ్యాంగర్ అనే నౌకను ఢీకొన్నప్పుడు బ్యాంగర్ పక్కభాగంలో రంధ్రం పడింది. అదృష్టవశాత్తు ఎవరికీ గాయాలు కాలేదు.

ఇంకొక బంధుత్వం కూడా ఉంది. ఇటువంటి పాలియెస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు దాని గొలుసులను అడ్డంగా ముడివేసేది స్టైరీన్ అనే అణువు. దుకాణంలో దొరికే నమూనా నౌక ముక్కలు పాలిస్టైరీన్‌తో తయారవుతాయి. అంటే అదే స్టైరీన్ అణువులు వేలకొద్దీ వరుసగా చేయి చేయి పట్టుకున్న గొలుసులు. రేవులోని నౌకకూ బల్లమీది నౌకకూ రసాయన పరంగా చుట్టరికం ఉన్నదన్నమాట.

స్కేలు చెప్పే లెక్క

పెట్టె మీద మొదట చదవవలసినది నౌక పేరు కాదు, స్కేలు. నౌకా నమూనాలలో ఎక్కువగా కనిపించేవి రెండు: 1/700, 1/350. బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ పాత నమూనాలు అనేకం 1/600లో ఉంటాయి. 1971లో జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన టామియా, అయోషిమా, హసెగావా, ఫుజిమి సంస్థలు కలసి ప్రారంభించిన ‘వాటర్‌లైన్’ వరుస 1/700 స్కేలును ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చింది.

విశాఖపట్నం పేరు పెట్టుకున్న భారత యుద్ధనౌకను ఉదాహరణగా తీసుకుందాం. 2021 నవంబరులో నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం పొడవు 163 మీటర్లు, బరువు సుమారు 7,400 టన్నులు. 1/700 స్కేలులో దాని పొడవు 23 సెంటీమీటర్లు. 1/350లో 47 సెంటీమీటర్లు. చూడటానికి రెండింతలే కదా అనిపిస్తుంది. కానీ రంగు వేయవలసిన ఉపరితలం నాలుగింతలవుతుంది, ఘనపరిమాణం ఎనిమిదింతలవుతుంది. నమూనా నీటిలో అసలు నౌక మునిగినంత మేరకే మునగాలంటే 1/700లో దాని బరువు 22 గ్రాములు, 1/350లో 173 గ్రాములు ఉండాలి. ఏడువేల నాలుగు వందల టన్నుల ఉక్కు ఇరవైరెండు గ్రాములకు దిగివచ్చే ఈ లెక్కను ఏడవ తరగతి పిల్లల చేత చేయిస్తే, ఘనము అనే మాటకు అర్థం మళ్ళీ చెప్పనవసరం ఉండదు.

స్కేలు మరొక సత్యాన్ని కూడా తెలుపుతుంది. నౌక అంచున ఉండే రక్షణ కడ్డీ మందం ఒకటిన్నర సెంటీమీటర్లు అనుకుంటే, 1/700లో అది ఒక మిల్లీమీటరులో యాభయ్యవ వంతు. తల వెంట్రుక కంటే సన్నం. ఆ కడ్డీల కోసం సన్నని ఇత్తడి రేకు ముక్కలు విడిగా అమ్ముతారు. అవి కూడా అసలు కొలతకు లావే. కాబట్టి తొలి నమూనాలో కడ్డీలు పెట్టకపోవడం లోపం కాదు. కొలత ప్రకారం చూస్తే అదే సత్యానికి దగ్గర.

ఏ నౌకను ఎన్నుకోవాలి?

ముందుగా వద్దనవలసినవి చెప్పుకోవాలి. విమానవాహక నౌక వద్దు. నిమిట్జ్ తరగతి నౌక పొడవు 333 మీటర్లు; 1/350లో అది 95 సెంటీమీటర్లు. అద్దె ఇంటిలో దానిని పెట్టే చోటే దొరకదు. చిన్న స్కేలులో తీసుకున్నా పదులకొద్దీ విమానాలను ఒకే విధంగా అతికించి రంగు వేయవలసి వస్తుంది. తెరచాప నౌక కూడా వద్దు. దాని తాళ్ళ పని అనుభవజ్ఞులకే పరీక్ష. పాలియురేథేన్ రెజిన్‌తో పోతపోసిన నమూనాలు అసలే వద్దు. వాటిని రాపిడి చేసినప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తొలి మెట్టుగా జలాంతర్గామి చాలా అనుకూలం. రెండు దేహార్ధాలు, ఒక గోపురం, చుక్కానులు, ప్రొపెల్లర్లు — ముక్కలు తక్కువ, ఆకారం నునుపు, అతుకు నేర్చుకోవడానికి పొడవైన గీత. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఐ.ఎన్.ఎస్. కురుసురాను లోపలికి వెళ్ళి చూసిన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి పొంది, 2002లో ప్రదర్శనశాలగా మారిన ఆ జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. 1/350లో అది కేవలం 26 సెంటీమీటర్లు. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు స్వయంగా తాకి చూసిన వస్తువుకు నమూనా చేయడంలో ఉన్న తృప్తి వేరు. సరిగ్గా అదే తరగతి నమూనా దొరకకపోయినా, ఆ కాలపు డీజిల్ జలాంతర్గామి ఏదైనా అదే పాఠం నేర్పుతుంది.

రెండవ మెట్టు డిస్ట్రాయర్ లేదా ఫ్రిగేట్. టామియా వారి 1/350 ఫ్లెచర్ ఇందుకు పేరుపొందినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆ తరగతి నౌకలు 175 నిర్మించారు. నమూనా పొడవు 33 సెంటీమీటర్లు. ముక్కలు ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటాయి. భారత నౌకాదళంపై మక్కువ గలవారికి లియాండర్ తరగతి ఉంది. ముంబయిలోని మజగావ్ డాక్‌లో నిర్మితమై 1972లో నౌకాదళంలో చేరిన నాటి నీలగిరి ఈ తరగతికి చెందినదే. ఎయిర్‌ఫిక్స్ గతంలో లియాండర్‌ను 1/600లో వెలువరించింది. పొడవు 19 సెంటీమీటర్లు. అయితే అది పాత అచ్చు కనుక ఆకురాయి పని కొంత ఎక్కువ.

నీటిగీత వరకే ఉండే ‘వాటర్‌లైన్’ నమూనాలో మరొక సౌలభ్యం ఉంది. అడుగుభాగం ఉండదు గనుక ఎర్రరంగు, బూడిదరంగు కలిసే సన్నని గీతను తిన్నగా వేయవలసిన కష్టం చాలావరకు తప్పుతుంది. నీలిరంగు వేసిన చెక్కపలక మీద నిలిపితే రేవులోని దృశ్యమే కళ్ళముందు నిలుస్తుంది.

పెట్టెను చదవడం

మూత మీది చిత్రం చిత్రకారుని ప్రతిభను చెబుతుంది. పెట్టెలోని సరుకును చెప్పదు. చూడవలసినవి పెట్టె పక్కల మీద ఉంటాయి. ముక్కల సంఖ్య వంద లోపు ఉంటే తొలిసారి చేసేవారికి చాలు. కొన్ని సంస్థలు కష్టాన్ని అంకెలతో సూచిస్తాయి. రెండు లేక మూడు దాటనివ్వకూడదు. జిగురు, రంగులు లోపల ఉన్నాయా లేక వేరుగా కొనాలా అన్నది ముందే తెలుసుకోవాలి.

కొత్త పెట్టెలో పాత అచ్చు ఉండవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. కరిగిన పాలిస్టైరీన్‌ను ఉక్కు అచ్చులోకి అధిక పీడనంతో పంపి ఈ ముక్కలు తీస్తారు. అచ్చులు దశాబ్దాల పాటు పనిచేస్తాయి. అవి అరిగేకొద్దీ అంచుల మధ్య సందు ఏర్పడి, ముక్కల చుట్టూ పలుచని పొర పొడుచుకొస్తుంది. దానిని బ్లేడుతో గీకి తీయవచ్చు. కానీ తొలిసారి చేసేవారికి ఆ శ్రమ విసుగు పుట్టిస్తుంది. వీలైతే అచ్చు ఏ సంవత్సరానిదో విచారించి కొనడం మంచిది.

అతుకు వెనుక రసాయనం

పాలిస్టైరీన్ ముక్కలను కలిపే జిగురు నిజానికి జిగురు కాదు, ద్రావణి. అసిటోన్, బ్యూటైల్ అసిటేట్, బ్యూటనోన్ వంటి ద్రవాలు ఇందులో ఉంటాయి. రెండు ముక్కలను దగ్గరగా పట్టుకుని సందులో ఈ ద్రవాన్ని కుంచెతో తాకించగానే అది కేశనాళికా చర్య వల్ల గీత పొడవునా పాకుతుంది. రెండు వైపులా పైపొర మెత్తబడి, అందులోని అణువుల గొలుసులు వదులై ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. ద్రావణి ఆవిరైపోయాక మిగిలేది రెండు ముక్కల మధ్య మూడవ పదార్థం కాదు, ఒకే ముక్క. అందుకే ఇది అతుకు కంటే వెల్డింగుకు దగ్గర. అతికే చోట రంగు ఉంటే ఈ కలయిక జరగదు. ముందు ఆ రంగును గీకి తీయాలి. జిగురు ఎక్కువైతే బలం పెరగదు, ముక్క కరిగిపోతుంది.

ఇత్తడి ముక్కలకు ఈ ద్రావణి పనికిరాదు. వాటికి సయనోఅక్రిలేట్ కావాలి. అది గాలిలోని నీటి ఆవిరి సోకగానే గొలుసుకట్టి గట్టిపడుతుంది. బహ్రెయిన్ ఉక్కలో అది సీసాలోనే గట్టిపడే ప్రమాదం ఉంది. మూత బిగించి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికాజెల్ పొట్లంతో సహా గాలి చొరని డబ్బాలో ఉంచితే ఎక్కువకాలం నిలుస్తుంది.

ఎండ, ఉక్క, ఏసీ గది

గల్ఫ్‌లోని కుటుంబాలు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసిన విషయం ఇది. వేసవిలో కిటికీలు మూసి ఉంటాయి. గది చల్లగా ఉంది కనుక గాలి బాగానే ఉందని భ్రమ కలుగుతుంది. కానీ ఇళ్ళలో సాధారణంగా వాడే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలిని లోపలికి తీసుకురాదు. ద్రావణి ఆవిరి గదిలోనే పేరుకుంటుంది. తలనొప్పి, కళ్ళమంట, మగత మొదటి హెచ్చరికలు. పసిపిల్లలు, గర్భిణులు ఆ గదిలో ఉండరాదు. నారింజ వాసన వచ్చే లిమొనీన్ జిగురు ఘాటుగా ఉండదు. అయినా వాసన ఇంపుగా ఉన్నంత మాత్రాన హాని లేదని భావించకూడదు. దానికి చర్మం మీద దద్దుర్లు వచ్చేవారు ఉన్నారు.

గాలిని బయటికి నెట్టే ఫ్యాను ఉన్న చోటనే ఈ పని చేయాలి. అనేక ఇళ్ళలో ఆ ఫ్యాను ఉండేది వంటగదిలోనే. అక్కడ చేసేటట్లయితే పొయ్యి ఆర్పి, గ్యాసు కట్టి ఉండాలి. ఈ ఆవిర్లు త్వరగా అంటుకుంటాయి. దేవుని గూటిలో వెలిగే దీపం కూడా మంటే అన్న సంగతి మరువరాదు. ఒకసారికి పది నిమిషాలు అతికించి, మూత బిగించి, గంటసేపు వదిలివేయడం ఉత్తమం. స్నానాల గదిలో తలుపు మూసుకుని స్ప్రే డబ్బా వాడటం ఎంతమాత్రం తగదు.

ఎండ మరొక శత్రువు. పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. వేసవి మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు లోపల గాలి 60 డిగ్రీలు దాటవచ్చు. ఎండ నేరుగా పడే వస్తువు అంతకంటే వేడెక్కుతుంది. అచ్చులో త్వరగా చల్లారిన పలుచని ముక్కలలో ఒత్తిడి బంధింపబడి ఉంటుంది. అటువంటి ముక్క మెత్తబడే స్థాయికి ఇంకా చేరకముందే వంకర తిరగవచ్చు. కొన్న పెట్టెను ఇంటికి చేర్చిన తరువాతే మిగిలిన పనులు చూసుకోవాలి.

సెలవులలో విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న మేనల్లునికి ఈ పెట్టె కానుకగా తీసుకువెళ్ళేవారు ఒక నియమం తెలుసుకోవాలి. ప్లాస్టిక్ ముక్కలకు అభ్యంతరం లేదు. కానీ త్వరగా మండే ద్రావణి జిగురును, ఎనామెల్ రంగులను, స్ప్రే డబ్బాలను విమాన ప్రయాణంలో సామానులో ఉంచరాదు. వాటిని అక్కడే కొనుక్కోవాలి.

రంగు

తొలిసారికి నీటితో కలిపే అక్రిలిక్ రంగులే శ్రేయస్కరం. కుంచెను నీటితో కడగవచ్చు, ఘాటు తక్కువ. చిక్కగా ఒక పూత కంటే పలుచగా రెండు మూడు పూతలు మేలు.

రంగుల ఎంపికలోనూ శాస్త్రం ఉంది. 1/700 నమూనాను 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే, అసలు నౌకను 210 మీటర్ల నుంచి చూసినట్లు. మధ్యనున్న గాలి, తేమ, ధూళి వెలుతురును చెదరగొట్టడం వల్ల దూరపు వస్తువు వెలిసినట్లు కనిపిస్తుంది. ఈ తీరంలో ధూళి ఎక్కువైన రోజున నౌకకూ ఆకాశానికీ తేడా తెలియదు. అందుచేత సీసాలోని బూడిదరంగులో కొద్దిగా తెలుపు కలపాలి. నలుపు ఉండవలసిన చోట ముదురు బూడిదరంగు వాడాలి. నౌక రంగు చూసుకోవడానికి రేవు దగ్గర ఫోటోలు తీయాలన్న ఆలోచన మాత్రం మానుకోవాలి. సైనిక స్థావరాలను ఫోటో తీయడం నిషిద్ధం. నౌకాదళాలు స్వయంగా ప్రచురించే చిత్రాలు ఇందుకు చాలు.

కొండపల్లి పాఠం

ఈ విద్య తెలుగువారికి పరాయిది కాదు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి చెక్కతో చేతులు, కాళ్ళు, తల విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికి, సందులు పూడ్చి, నునుపు చేసి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. ముక్కలు, అతుకు, పూడ్పు, అడుగుపూత, రంగు — నౌకా నమూనాలోని వరుస కూడా ఇదే. పుట్టీ అని దుకాణంలో కొనే గొట్టం చేసేది మక్కు చేసే పనే. ఏ మెట్టును దాటవేసినా ఏనుగు అంబారీ ఎలా కుదరదో, నౌక ఫిరంగి గోపురం కూడా అలాగే కుదరదు.

పనిముట్లు కూడా కొద్దివే: ముక్కలను చట్రం నుంచి కత్తిరించే చిన్న కటింగ్ ప్లయర్, ఒక బ్లేడు కత్తి, సన్నని ఆకురాయి, ఉప్పుకాగితం, పట్టకారు, రెండు కుంచెలు. ముక్కలను చేత్తో విరిచి లాగకూడదు. పదేళ్ళ లోపు పిల్లలకు బ్లేడు ఇవ్వరాదు. కోయడం పెద్దలు, అమర్చడం పిల్లలు చేస్తే ఇద్దరికీ పని ఉంటుంది.

పిల్లలు అడిగే మరొక ప్రశ్న

నౌక పూర్తవుతున్న దశలో పిల్లలు తప్పక అడుగుతారు: ‘దీని మీద మనుషులు ఉంటారా?’ 1/700లో మనిషి ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. కనుకనే చాలా నమూనాల మీద మనుషులు ఉండరు. ఆ లోటును మాటలతో పూరించడం పెద్దల బాధ్యత.

1987 మే 17న అమెరికా ఫ్రిగేట్ స్టార్క్‌ను ఈ సముద్రంలోనే ఇరాకీ విమానం ప్రయోగించిన రెండు ఎక్సోసెట్ క్షిపణులు తాకాయి. 37 మంది నావికులు మరణించారు. నౌక మునగకుండా మిగిలినవారు రాత్రంతా మంటలతో పోరాడి, మరునాడు దానిని బహ్రెయిన్ చేర్చారు. స్టార్క్ ఆలివర్ హజార్డ్ పెరీ తరగతికి చెందినది. కొరియాకు చెందిన అకాడమీ సంస్థ ఆ తరగతి నమూనాను 1/350లో వెలువరించింది. పొడవు 39 సెంటీమీటర్లు. రెండు మూడు నమూనాలు చేసిన అనుభవం వచ్చాక దానిని చేపట్టవచ్చు. అప్పుడు ఆ బాలునికి తన చేతిలో ఉన్నది బొమ్మ తుపాకీ వంటిది కాదని, కొందరి ఇల్లు, కొందరి పనిచోటు, కొందరి సమాధి అయిన ఒక నిర్మాణానికి ప్రతిరూపమని తెలుస్తుంది. మందుపాతరలు వెదికే ప్లాస్టిక్ నౌకల కథ కూడా అప్పుడే చెప్పాలి. ఆయుధాలు మోసే నౌకలతో పాటు ప్రమాదాన్ని తొలగించే నౌకలు కూడా అదే రేవులో నిలిచాయన్న సంగతి పిల్లలు తెలుసుకోవాలి.

కాబట్టి తొలి పెట్టె చిన్నదిగా ఉండాలి: వంద లోపు ముక్కలు, ఒకే రంగు ప్రధానంగా ఉండే దేహం, చేయి చాచితే అందే పొడవు. నాలుగు వారాంతాలు సరిపోతాయి. ఒక అతుకు వంకరగా వచ్చినా, ఒక చోట వేలిముద్ర పడినా పరవాలేదు. దానిని షోకేసులో ముందు వరుసలోనే నిలపాలి. బీరువా మీద మూతపెట్టి ఉంచిన విమానవాహక నౌక కంటే, ఆ వంకర జలాంతర్గామిని చూపి ‘ఇది నేనే చేశాను’ అని ఇంటికి వచ్చిన అతిథులకు చెప్పగల పిల్లవాడే రెండవ పెట్టెను తెరుస్తాడు.